కాఁబోలు

గంటస్తంభం దగ్గర జీళ్ళ బండి దాటి
మూడో మెట్టు విరిగిన గ్రంథాలయంలో
పదకొండు నెలలుగా ఒకే మనిషిని చదువుతున్నాను.
తర్లాడ సోమలింగం.
పగలు సంస్థానం ఠాణాలో శిస్తు గుమస్తా,
రాత్రి పత్రికలకు గుమస్తా.

వెయ్యి కార్డులు కొన్నాను, చాలలేదు.
కథలు, ప్రహసనాలు, తోకచుక్క మీద మూడు వ్యాసాలు,
తేలుకాటుకి చిట్కా, జపాను వాళ్ళ పట్టుదల,
చింతపండు పురుగు పట్టకుండా దాచే ఉపాయం,
సంపాదకుడికి పేజీలో చోటు మిగిలిపోతే
మిగిలినంత మేర ఓ నీతి.
ఒక సంచికలో నాలుగు పేర్లతో దొరికాడు:
ఒక పేరుతో కథ రాసి
ఇంకో పేరుతో దాన్ని తిట్టి
"శ్రీమతి కనకాంగి" అయి ఇద్దరికీ సర్దిచెప్పాడు.
నాలుగోది తేలు.
ప్రతిఫలం: సంచికలు రెండు, తపాలా ఖర్చు వారిదే.

"ఎలాగ పోల్చేస్తన్నారు మేడంగారూ,
ఇదీ ఆడిదే, అదీ ఆడిదేనని?"
అంటాడు అప్పలసూరి,
బీరువాల తాళాలు మొలతాడుకి కట్టుకు తిరిగే అటెండరు.
వేలిముద్ర ఉందిలే, అన్నాను.
ఏ పేరు పెట్టుకున్నా, దేని గురించి రాసినా
ఎక్కడో ఒక వాక్యం చివర
అరసున్నతో సహా ఒక సందేహం వదిలిపెడతాడు:
చంద్రునియందు నీరున్నది కాఁబోలు.
దొంగకును తల్లి యుండెను కాఁబోలు.
తేలునకుఁ గోపము కంటె భయమే హెచ్చు కాఁబోలు.
"గొప్ప సదువే," అని
పేజీలోంచి జారిన పురుగుని గోటితో నొక్కాడు.

ఆ కథల నిండా ఒక గుంట.
పేరు మారుతుంది, గుంట మారదు.
పెద్దల మాటల మధ్యకి దూరిపోతుంది.
మునసబు తలపాగాలో పిల్లి ఈనిందంటుంది.
మామిడి టెంక పాతిపెట్టి
మొలిచిందా అని రోజూ తవ్వి చూస్తుంది.

కాళయుక్తి ఆశ్వయుజం. విషజ్వరాల ఏడు.
ఆ సంచికలో ఆయనది ప్రహసనం. చదివి నవ్వాను కూడా.
పెళ్ళికొడుకు అటకెక్కితే గుంట నిచ్చెన లాగేసింది,
కింద పెళ్ళివారు గోలగోల.
సశేషము.
కార్తీకంలో గీతల పెట్టెలో ఒక్క పంక్తి:
"రచయిత గృహమందలి యనివార్యకారణములచే..."

విజయనగరం పురపాలక సంఘం చావుల రిజిస్టరు కోసం వెళ్ళాను.
ఆ నెల కాగితాలన్నీ చెమ్మకి ఒకటే దిమ్మ.
విప్పితే చిరుగుతుందన్నారు.
విప్పమనలేదు.

మార్గశిరంలో మళ్ళీ రాశాడు.
ఇరవై రెండేళ్ళు రాస్తూనే ఉన్నాడు.
రెండువందల పద్నాలుగు కథలు,
ఒక్కదాంట్లో పిల్ల లేదు.
మేష్టరు కథలో బడి ఉంది, ఆ రోజు సెలవు.
బొమ్మలకొలువు మీద వ్యాసంలో
కొయ్య రకం, లక్క రంగు, ధర,
చూడవచ్చిన వాళ్ళు మాత్రం లేరు.
ఆ నిచ్చెన మళ్ళీ ఎవరూ వెయ్యలేదు.
పెళ్ళికొడుకు ఇంకా అటక మీదే ఉన్నాడు.

నిన్న, చివరి కట్టలో,
కిరసనాయిలు దీపాల గురించి ఒకటిన్నర పేజీ.
వత్తి ఎంత వెడల్పు, చిమ్నీ తోమడానికి ముగ్గా బూడిదా,
ఇవన్నీ అయ్యాక తొమ్మిదో సూచన:
"దీపపుగూడు పిల్లల చేతికందని యెత్తున నుండవలెను.
అందుకొను చేయి యింట లేనివారికి ఈ నియమము లేదు."

కింద పేరు లేదు, ఏ దొంగపేరూ లేదు.
పేజీ మూడుసార్లు వెతికాను,
ఆ మాట లేదు, సందేహమే లేదు.
నా పద్ధతి ప్రకారం
ఇది ఆయనది కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కార్డు మీద "రచయిత" అన్న చోట కలం ఆగిపోయింది.
అప్పలసూరి ఒక్కో కిటికీ మూసుకొస్తున్నాడు.
"లైటు ఆపీమంటారా?"
ఉండు, అన్నాను.
తర్లాడ సోమలింగం, అని రాసి
పక్కన, అరసున్నతో సహా,
కాఁబోలు.