ఈడ లేదు సామీ

కొర్లగుంట మేడ మీద, రాత్రి రెండున్నర.
చిత్తూరు బెల్లం మండీ సైటులో
పోయినేటి ధరల పేజీ తీసేసినాం.
దాని బదులు నేనే రాసి పెట్టినా:
"ఈడ లేదు సామీ, కొత్త ధరలు ఆ పక్క ఉండాయి."

ఆ మాట ఎవురికీ కనపడలా.
తెల్లటి తెర, నల్లటి మూడంకెలు,
కింద సర్వర్ సణుగుడు:
లేదని చెప్పే పేజీ కూడా లేదంట.

లాగ్ తిరగేస్తే
ఒకే ఫోను
పదకొండుసార్లు తలుపు తట్టింది.
గుడిపాల రైతో, ఎవురో,
బండికెత్తి కూర్చోనుంటాడు
ధర తెలిస్తే కదిలేదానికి.

ఫైలు ఉండాది.
దారిలో ఒక్క వాలుగీత
నా చేతిలోనించే జారిపోయింది.

పెట్టి, సర్వర్ని మళ్లా లేపినా.
కావాలనే తప్పు చిరునామా కొట్టి
నన్ను నేను పోగొట్టుకొని చూసినా:
"ఈడ లేదు సామీ..."

పన్నెండోసారి కోసరం
లాగ్ ముందరే కూర్చోనుండా.