నాలుగో గడి

దేవరకొండ డిగ్రీ కాలేజి గ్రౌండ్ల
సున్నంతోటి గీసిన ఎనిమిది గళ్ళు.
నాలుగోది నాది.
మోకాళ్ళు మడిచి, ఏళ్ళు మట్టికి ఆనిచ్చి
ఉరకనీకె తయారుగ కూసునుడు,
గదే నా పని.

ఖిల్లా గుట్ట నాకు ముంగట.
నీల నాకు ఎన్క.
తిరిగి సూడొద్దు.
వీపు మీద చెయ్యి పడాలె,
అప్పుడే చెవుల మాట పడాలె:
ఖో.
చెయ్యి ఒకపారి, మాట ఒకపారి అయితె తప్పు.
మాట పడకముందే లేస్తె తప్పు.
లేటయితె తప్పేం గాదు గని
దొరికేది దొరకదు.

కేతావత్ నీల.
గుట్టకింది తండ కెళ్ళి సైకిలు మీద వస్తది.
మేకల్ని మర్లేసేటప్పుడు
ఈ ఒర్రె నుంచి ఆ ఒర్రెకు ఇనబడుతదంట దాని గొంతు.
గడి కాడికొస్తె మాత్రం
పక్కింట్ల ఉప్పడిగినట్టు అంటది,
ఖో అని.

నాకు ఎడమ చెవు ఇనబడదు.
ఐదేండ్లప్పుడు గవదబిళ్ళలు లేసినయి.
జరం పోయింది,
పోతపోత చెవును ఎంట తీస్కపోయింది.
అవ్వకెర్క, నాకెర్క.
సెలక్షన్ నాడు అంజిలయ్య సారు
"ఏమన్న తక్లీబున్నదా బిడ్డా" అంటె
మెల్లగ సారును కుడిదిక్కు చేసుకోని
ఏం లేదు సార్ అన్న.

అప్పటిసంది వీపుతోటే ఇంటున్న.
దుప్పటి మీద వాన పడ్డట్టు
చెయ్యి ఆనుడే ఆలస్యం, లేస్త.
రెండుమాట్ల తొందరపడ్డ, పిల్లగ్రోవి లెక్క విజిల్ మోగింది.
ఇంకోమాటు
పడ్డది చెయ్యో, కొంగు గాలో తెల్వక
అట్లనే కూసున్న.
మైదానంల నవ్విండ్రు.
నీల నవ్వలె.
కుడిదిక్కుకు వచ్చి, మొకం మీద మొకం పెట్టి అన్నది:
"తండోళ్ళ మాట నీ చెవులకు ఎక్కదా?"

గా మాట మంచిగ ఇనబడ్డది.

జవాబు చెప్తె గడి పోతది.
చెప్పకపోతె నీల పోతది.
నేను బూట్ల తాళ్ళు కట్టుకున్న,
కట్టినయే మళ్ళ కట్టుకున్న.

ఇరవై రెండు రోజులు
మా ఇద్దరి నడుమ ఒక్కటే మాట.
అది గుడ ఆట రూలు కాబట్టి.

నల్లగొండల సెమీస్.
మిర్యాలగూడ పోరి ఒకతి, ఉడుత,
గళ్ళ నడుమకెళ్ళి సందు సందు తిరుగుతున్నది.
పోరగాండ్లు ఉత్త నీళ్ళ డబ్బాలు కొడుతుండ్రు.
ఆఖరి నిమిషం.
వీపు మీద చెయ్యి పడ్డది.
మాట పడ్డదా?
ఈమాటు తప్పు చెయ్యొద్దని
మాట కోసం ఆగిన.
ఉడుత నా ముంగటికెళ్ళే పోయింది.
ఒక్క పాయింటు.

వచ్చేటప్పుడు బస్సుల
కిటికి నాకు కుడిదిక్కు.
గుర్రంపోడు దాటినంక
ఎన్క సీట్లకెళ్ళి లేసొచ్చి నీల
నా ఎడమ పక్కన కూసున్నది.
శానసేపు మాట్లాడింది.
ఎదురొచ్చే లారీల లైటు పడ్డప్పుడల్ల
పెదాలు కదులుడు కనబడ్డది,
లారీ పోంగనే అదిగుడ లేదు.
ఒకతాన ఆగి నా దిక్కు సూసింది.
నేను తలూపిన.
తిట్టినదానికి ఊపిన్నో,
సారీ అన్నదానికి ఊపిన్నో,
ఏదన్న అడిగితె సరేనన్ననో.
మల్లేపల్లి దాంక ఇంకేం మాట్లాడలె.
నా ఉత్త టిఫిన్ డబ్బ తీసి ఒళ్ళె పెట్టుకున్నది.

సోమారం ప్రాక్టీసు.
నాలుగో గడి, మట్టిల ఏళ్ళు.
ఎన్కకెళ్ళి అడుగులు మట్టిలకెళ్ళి వస్తున్నయి.
చెయ్యి పడేటందుకు రెప్పంత ముందు
మడిమెతోటి నేలను ఒక్క గుద్దు గుద్దింది నీల,
నా ఏళ్ళ కింద గ్రౌండు అదిరింది.
చెయ్యి, ఖో,
నేను లేసిన.

నీకు ఎట్లెర్క?
ఆ రాత్రి బస్సుల ఏమన్నవే?
అడుగుదామని తిరగబోతె
అది అప్పటికే నా గడిల కూసున్నది,
ఏళ్ళు మట్టికి ఆనిచ్చి.
ఉరకాల్సింది నేను.