మూడో అర

మా ఫ్రిజ్‌లో పై అర పెరుగుది,
నడిమిది చింతపండు గుజ్జుది, అల్లానిది.
మూడో అర ఎవరిదంటే
మా మరిది కొడుకు ఢిల్లీసు నవ్వి ఊరుకునేవాడు.

గోంగూర కట్ట ఎత్తి చూశానొక రోజు.
ఆరు సీసాలు, దగ్గు మందు సీసాలంత.
ఒక్కోదాని మెడకీ ప్లాస్టర్ పట్టీ,
పట్టీ మీద ఒడియా అంకెల్లో తారీకులు.
వాడు రంగైలుండ బడిలో దిద్దిన అంకెలు.
నాది తెలుగు బడి, మూడో తరగతి; ఆ బడి ఇప్పుడు లేదు.
పక్కింటి సుమిత్ర వచ్చి చదివి పెట్టింది.

దొరికిపోయాక దాపరికమేటి,
సంతలో దూడ పళ్లు చూపించినట్టు
ఒక్కోటీ వెలుగుకి ఎత్తి చూపించాడు:
"ఇది గ్లిజరిన్ చిన్నమ్మా, రెండేళ్లు దిట్టంగా ఉంటాది,
మూత వదులైతే గాల్లో తడి తాగి పల్చనైపోతాది.
ఇది మామిడి, ఇది పుదీనా, ఏడాది లోపే.
నిమ్మ వాసన అన్నిటికన్నా ముందు చచ్చిపోతాది.
వనిల్లా మాత్రం దాచే కొద్దీ ముదురుతాది."

నాకు నేర్పుతున్నాడు!
శ్రావణంలో తెల్లారగట్ల మూడింటికి లేచి
ముళ్లు గీరిన చేతుల్తో మొగలిపొత్తులు దింపి
రాగి డేగు మూతికి మట్టి మెత్తి
ఆవిరి పోగొక్కటి జారకుండా కాసిన దాన్ని.
మా మావగారు నీలాచలం
అత్తరు సీసాకి నల్లగుడ్డ చుట్టి
ధాన్యం గాదెలో మోచేతి లోతున పాతేవాడు.
ఎండ తగిలిన అత్తరూ, నోరు తగిలిన గుట్టూ
నిలవవే పిల్లా, అనేవాడు.

అందుకే ఉండబట్టక చెప్పాను:
ప్లాస్టిక్ వద్దురా, గాజు పట్టు, గోధుమరంగు గాజు.
సగం సీసా అంటే సగం గాలి,
చిన్న సీసాలోకి వంపుకో.
తలుపు పక్కన పెట్టకు,
తీసినప్పుడల్లా ఉక్క తగులుతాది.
వాడు సిగ్గు లేకుండా ఫోన్‌లో రాసుకున్నాడు.
నేనూ సిగ్గు లేకుండానే చెప్పాను.

ఆరోదాని మాట వాడు ఎత్తలేదు.
గుచ్చి గుచ్చి అడిగితే, పొగాకు సారం అన్నాడు,
బరంపురంలో ఇప్పుడు దొరకదు, ఉన్నదే దాచుకోవాలి.
చలిలో, చీకట్లో రెండేళ్లు.
ముందు నీళ్లలా ఉంటాదట, తర్వాత గడ్డి రంగు,
తర్వాత టీ డికాషను.

ఆ ఆదివారమే కడుపు నొప్పని
చూపానని మా అత్త లేచి తడుముకుంటూ వెళ్లి
వాము అరకనుకుని ఆ సీసా మూత తీసింది.
చెంచా నోటి దాకా వెళ్లింది.
అరవయ్యేళ్లు మొగలి ఆవిట్లో నానిన ముక్కు
అక్కడ ఆగింది.
"వాసన లేని మందేటే?" అని కేకేసింది నన్ను.

చెంచా పడేశాను. ఆమె చేతులు
సబ్బుతో కడిగి, మళ్లీ కడిగి, మళ్లీ.
ఢిల్లీసు గుమ్మంలో నిలబడ్డాడు,
వాడి మొహం అప్పుడు ఏ రంగో నేను చూడలేదు.

అయిదు సీసాలు వాడే పారేశాడు.
ఇప్పుడు గోపాలపురం రేవులో లెక్కలు రాస్తూ
వాళ్ల నాన్నలాగే బీడీ కాలుస్తాడు.
ఆరోది నా ఇనప్పెట్టెలో, తాళంచెవి నా బొడ్లో.

కాలవలో పోస్తే సుమిత్ర బాతులున్నాయి.
మొగలి మొదట్లో పోస్తే వేరు తాగుతాది.
ఇసకలో పాతుదామంటే
పిల్లలు ఎండ్రకాయల కోసం తవ్వేది అక్కడే.

గడువు దాటి పద్నాలుగు నెలలు.
ఆ పట్టీ మీది తారీకొక్కటే
నేను ఒడియాలో చదవగలిగింది.
పట్టుచీర కోసం పెట్టె తీసినప్పుడల్లా
వెలుగుకి ఎత్తి చూస్తాను.
నిరుటికన్నా నలుపు.
నల్లగుడ్డ చుట్టి మళ్లీ చీరల కిందకి తోస్తాను,
ఇంకెన్నాళ్లుంటాదిరా ఇది అని
వాణ్ని అడగాలని ఉంటుంది గానీ
వాడు ఫోనెత్తగానే, తిన్నావా అంటాను.