చూరునీళ్ళు

ఈ ఇంటిని కట్టినవాళ్ళు
ముందు ఇల్లు కట్టలేదు.
ఆపిల్ పళ్ళు పిండే గానుగ కట్టారు.
ఆరు బారల ఓక్ దూలం,
దాని కొసన చెక్కమర, మరకు వేలాడే బండరాయి.
దూలాన్ని మోయడానికి స్తంభాలు,
స్తంభాలు తడవకుండా కప్పు,
కప్పు ఎలాగూ ఉంది కదా అని గోడలు,
గోడల మధ్య ఆవులు,
ఆవుల వెచ్చదనం వృథాగా పోతోందని
పక్కనే వంటగది, అందులో మనుషులు.

బాస్క్ కొండల్లో, వాన ఆగని వారంలో
టేపూ నోటుబుక్కూ పట్టుకుని వచ్చాను.
ఇనుప మేకు ఒక్కటీ లేదు,
అంతా కుసులూ చెక్క చీలలూ.
దూలంలోంచి పెన్సిలంత ముక్క లాగి
వలయాలు లెక్కపెట్టాం:
చెట్టు పడింది 1561 చలికాలంలో.
సముద్రం దాటి మొక్కజొన్న వచ్చాక
గానుగ మూలపడిందట.
మరను కోసి మంచం కోళ్ళు చేశారట.
ఆ మంచం మీదే తను పుట్టానంది ఇన్యాషి.

ఇల్లు పేరు ఉర్కిసెలై.
ఆమె ఇంటిపేరూ అదే.
పక్క లోయనుంచి పెళ్ళాడి వచ్చిన మార్చెల్‌ని కూడా
చచ్చేదాకా ఊరు ఉర్కిసెలై మార్చెల్ అనే పిలిచింది.

మరమ్మతుల జాబితా చదివి వినిపించాను.
పెంకులు, సరే.
చెదపట్టిన వాసాలు, సరే.
తూర్పు గోడ అడుగున నాచు పట్టింది,
చూరుకి రేకు దోనె బిగించాలి.

"దోనె వద్దు."

గోడ నానిపోతుందమ్మా అన్నాను.
నాననీ అంది.
కర్ర తీసుకుని బయటికి నడిచింది,
కప్పుమీంచి చుక్కలు పడి
మట్టిలో గాడి పడ్డచోట ఆగింది.
"ఇది మా నాయనమ్మ బిడ్డ.
ఈ రెండూ ఎవరివో అమ్మకీ తెలీదు.
ఇది నాది. యాభై తొమ్మిది, మార్చి.
ఒక్క పూట బతికింది."

బాప్తిజం కాని పసివాళ్ళకి
చర్చి స్మశానంలో చోటివ్వలేదు.
"చూరునీళ్ళు పడినంత మేరా ఇల్లే
అనేది అమ్మ" అంది,
పొయ్యి మీద పాలు గుర్తొచ్చి
గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బసలో పటం విప్పితే
నా ఇల్లు గోడ దగ్గరే ఆగిపోయి ఉంది.
రెండు మూరలు అవతలికి
చుక్కల గీత గీశాను.
విస్తీర్ణం మారింది.
ఆఫీసులో అడిగితే ఏం చెప్పాలో
ఇంకా అనుకోలేదు.