రోజుకు రెండు రోజాలు

ఆసుపత్రి కిటికీలోంచి, కువైట్ సముద్రం ఒడ్డున
సూదులకు గుచ్చిన నీలి గుండ్లు కనిపిస్తాయి.
"వాటికీ గడ్డలొచ్చినాయి నాయనా" అంది జైబున్,
మెడ తిరగక ఒళ్ళంతా తిప్పి.

తొమ్మిదేళ్ళు దానికి.
చెవి కింద మొదలై భుజం దాకా
నరాన్నే పందిరి చేసుకుని పాకింది గడ్డ.
కోస్తే నరమే తెగుతుందన్నారు
కడపలోనూ, ఇక్కడా.

పరీక్షలో ఉన్న మందంట.
కణం లోపల ఆరిపోని స్విచ్చొకటి ఉందని,
ఈ మందు ఆ ఒక్క తీగనే పట్టుకుంటుందని
నర్సు షైనీ హిందీ, అరబ్బీ కలిపి చెప్పింది.
ఏసీలు బాగుచేసేవాణ్ణి, స్విచ్చంటే అర్థమైంది.
నయమవుతుందా అంటే మాత్రం
"తెలియకే కదా పరీక్ష" అంది.
అప్పుడు కుదిరింది నమ్మకం.

పదకొండు పేజీల మీద నేను సంతకాలు చేశాక
పిల్లను కూడా అడిగారు, నీకు సమ్మతమేనా అని.
దాన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.
కాసేపు ఆలోచించి
"గోళీ చేదా?" అంది.

తర్వాత నన్ను చొక్కా విప్పమన్నారు.
యాభై డిగ్రీల ఎండలో, మేడల మీద,
పన్నెండేళ్ళుగా చేతులు మడవని చొక్కా.
కాఫీ మరకల్లాంటి మచ్చలు లెక్కపెట్టింది డాక్టరమ్మ,
వీపు మీది కందిగింజలు, శనగగింజలు.
బళ్ళో నన్ను 'కాయలోడా' అనేవాళ్ళు.
సెంటు నేల ఇవ్వలేనివాణ్ణి
దీన్ని మాత్రం గింజ తగ్గకుండా ఇచ్చాను.
నాకూ ఇస్తారా అని అడగబోయాను.
పద్దెనిమిది దాటితే కుదరదని
రెండో పేజీలోనే ఉంది.
చొక్కా తొడుక్కున్నాను.

గోళీకి ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట
ఏమీ తినకూడదు. పొద్దునా, రాత్రీ.
"నీకు ఏడాదికి ఒక నెలే,
నాకు రోజుకు రెండు రోజాలు" అంటుంది.
గోళ్ళ చుట్టూ పుండ్లు పడ్డాయి, మొహమంతా పొక్కులు.
ఇద్దరు పిల్లలు మధ్యలో రావడం మానేశారు.
ఎందుకో మాకు చెప్పలేదు.

ఎనిమిదో నెల స్కానింగు.
సొరంగంలోంచి బయటికొచ్చేసరికి ధూళి తుఫాను,
గుండ్లు లేవు, సముద్రం లేదు.
ఇరవై రెండు శాతం, అన్నారు.
షైనీ టీ గ్లాసు పట్టుకుని
ఇక్కడిదాకా ఉన్నది ఇక్కడికి దిగిందని
వేలితో గీసింది.
నేను గ్లాసులో మిగిలినదాన్నే చూస్తున్నాను.

ఆ రాత్రి ఫర్వానియా గదిలో,
అన్నానికి ఇంకా పది నిమిషాలుందనగా,
ఆకలితో, గోడ గడియారం కోసం
జైబున్ తల తిప్పింది.
తల మాత్రమే.