ఖాళీల రిజిస్టరు

టెక్కలి ఆసుపత్రి పై అంతస్తులో
అకడమిక్ సెక్షనంటే
నేనూ, రంగు అయిపోయిన ప్రింటరూ,
తుపానుకి చెమ్మెక్కిన గోడా.
ఈ ఏడు మాకు మూడు సీట్లిచ్చారు.
ఫ్యామిలీ మెడిసిన్. మూడేళ్ల చదువు.

ఇనప మంచాలకి నేనే రంగు వేయించాను.
మూడు తాళాలు కట్టు గుడ్డతో ఒక ముడేసి
సొరుగులో పెట్టాను.
మొదటి రౌండులో సున్నా.
రెండో రౌండులో సున్నా.
బళ్లో మా మేష్టారు చెప్పేవారు,
సున్నా ఒక్కతే నిలబడదురా,
ముందొక అక్షరం ఉండాలని.

"ఫోన్లు చెయ్యవోయ్ గున్నయ్యా" అన్నారు సూపరింటెండెంటుగారు.
చేశాను.
గుంటూరు నుంచి ఒక తండ్రి ఎత్తాడు.
"ఇది ఏ పార్టుకండీ?" అన్నాడు.
నాకు చదువు అంతంత మాత్రం.
"అన్నిటికీనండి" అన్నాను.
"అయితే దేనికీ కాదన్నమాట" అని పెట్టేశాడు.
ఒకమ్మాయి మాత్రం
చర్మం రాకపోతే, కళ్లు రాకపోతే,
మళ్లీ పరీక్ష రాసే ఓపిక లేకపోతే
అప్పుడు చూస్తానంది.
ఎంత మర్యాదగా చెప్పిందో!

కింద ఓపీ వరసలో ఆ రోజే
జీడిపప్పు సంచీ నిండా కాగితాలతో ఒక ముసలామె.
కిడ్నీ చీటీ ఒకటి, సుగరు చీటీ ఒకటి,
మోకాలిది వేరు, కంటిది వేరు.
"ఏటి బావు,
నాలుగు ముక్కలు సేసి నాలుగు గదులకి పంపినారు,
నన్నంతా ఒకపాలి సూసినోళ్లెవులు?"
నేను నీళ్ల క్యాను మొయ్యడానికి వెళ్లినవాణ్ణి.
క్యాను దించకుండా అలాగే నిలబడ్డాను.

మాపప్ రౌండులో ఒక పేరు పడింది.
డాక్టర్ పేడాడ నీలవేణి. నలభై నాలుగేళ్లు.
కొండలోగాం పీహెచ్‌సీలో పదకొండేళ్ల సర్వీసు.
పలాస బస్సు దిగి, స్టీలు క్యారేజీ ఒక చేత్తో,
దుప్పటి మూట ఒక చేత్తో వచ్చింది.
తాళం ఇస్తే తీసుకుని
"మిగతా రెండూ ఎవరివి?" అని అడిగింది.
"ఖాళీ మేడమ్" అన్నాను.
నవ్వలేదు. నిట్టూర్చనూ లేదు.
గోడ మీద చెమ్మ ఎంతవరకు ఎక్కిందో వేలితో చూసి,
మంచం ఇవతలకి జరుపుకుంది.

తనకంటే పదిహేనేళ్లు చిన్న డాక్టరు పాఠం చెబుతుంటే
ముందు బల్ల మీద కూచుని రాసుకుంటుంది.
ఒకనాడు జిరాక్సుకిచ్చిన నోట్సులో, మార్జిన్లో,
పెన్సిలుతో సన్నగా ఉంది:
"ఇదా? మరయితే జోగారావుకి ఇదేనా?
ఆ రాత్రి ఈ మాత్ర నా బీరువాలోనే ఉంది."
ఆ పేజీ ఒక్కటీ నేను జిరాక్సు తియ్యలేదు.
మిషను మొరాయించిందని చెప్పాను.

ఆవిడ చేరిన మధ్యాహ్నమే రెండు కాగితాలు టైపు చేశాను.
ఒకటి ఢిల్లీకి: ఒక సీటు భర్తీ అయినది.
రెండోది శ్రీకాకుళానికి:
కొండలోగాం, వైద్యాధికారి, ఖాళీ.
ఒకటే ప్రింటరు, ఒకటే రిబ్బను.
ఇక్కడి గోతిలో పోసిన మట్టి
అక్కడ తవ్వి తెచ్చిందే.

సోమవారం పొద్దున్న ఒక ఆటోలో ఏడుగురు దిగారు.
మెట్లెక్కలేని ఒకాయన్ని మోసుకొచ్చారు పైకి.
"మా డాటరమ్మ ఇక్కడ సదువుకుంటన్నాదట గదా."
"ఈ వయసులో సదువేటమ్మా,
నీకు తెలందేటుంది?"
ఆవిడ క్లాసు పుస్తకం బెంచీ మీద బోర్లించి
ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి పిలిచింది.
ఓపీ చీటీ లేకుండా చూడకూడదు. రూలు.
చెప్పాల్సింది నేనే.
నేను కిందికి వెళ్లి ఏడు చీటీలు రాయించుకొచ్చాను.
డిపార్టుమెంటు గడి దగ్గర రాసేవాడు ఆగి
"దేనికి?" అన్నాడు.
ఈసారి నేను తడబడలేదు.
"మనిషికి" అన్నాను.
అలాంటి కోడు లేదంటాడు వాడు!

ఇవాళ ఆఖరి రౌండు నోటీసు వచ్చింది.
ఆవిడ గదిలో లైటు ఇంకా వెలుగుతోంది.
సొరుగు తీసి,
మిగిలిన రెండు తాళాలకీ
తుప్పు పట్టకుండా
కొబ్బరినూనె రాశాను.