సబ్బుముద్ర

తిలక్ రోడ్డులో నిజాముద్దీన్ అంగట్లో
అద్దాల బీరువా నిండా పెట్టెలే.
కొన్నింటికి నాలుగు కొమ్ములు, కొన్నింటికి ఆరు,
ఒకటైతే వెల్లకిలా పడిన సాలీడు మాదిరి ఉండాది.
"కొమ్ములు చూసి గొడ్డును కొనరప్పా" అన్నా నేను.
వాడు నవ్వి, "అన్నా, నీ ఇల్లెంత?" అన్నాడు.
జీవకోనలో మూడు గదులు, వరసగా, రైలుపెట్టెల మాదిరి.
"అయితే ఈ పన్నెండొందలది చాలు.
కంపెనీ మరిచిపోయిన పాత సరుకు మాత్రం తీసుకోవద్దు,
అప్పుడప్పుడు నూనెచుక్క వేసే దిక్కుండాల దానికి."
నూనె అనే మాట నాకోసం అన్నాడు.
గాంధీ రోడ్డు మూలలో ముప్పైయొక్క ఏళ్ళుగా
బీగాలు బాగుచేసేవాణ్ణి నేను.

ఇంటికి తెచ్చి మునిలక్ష్మి చేతికిస్తే
ఇనప బీరువాలో చీరల కింద పెట్టబోయింది,
రేటు ఎక్కువ కదా అని.
యామిని పరిగెత్తుకొచ్చింది.
"ఇనుములో పెడితే దానికి ఊపిరాడదమ్మా."
చివరికి నడిమింట్లో, క్యాలెండరు మేకు పక్కన,
ఎత్తు గూట్లో కుదిరింది.
ఆకుపచ్చ చుక్కలు నాలుగు వెలిగినాయి.

అప్పుడు పిల్ల పెట్టెను తిరగేసి చూపించింది.
అడుగున చీటీ. చీటీ మీద
పేరు: అడ్మిన్. రహస్యం: అడ్మిన్.
కాసేపు నాకు మాట రాలేదు.
తలుపు చేసినవాడే చెవిని గడప మీద పెట్టి పోయినాడు,
అదీ ఒక్క తలుపుకు కాదు,
ఇట్లాంటి లక్ష తలుపులకూ అదే చెవి.
"మార్చు," అన్నా. "ముందు అది మార్చు."
గొంతు పెద్దదయింది కాబోలు, పిల్ల ఉలిక్కిపడింది.

కొత్త మాట ఏం పెట్టాల?
"సామి పేరు పెట్టు, కాపాడతాడు"
మునిలక్ష్మి గోడవైపు తిరిగి దండం పెట్టుకుంది.
"అమ్మా, ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు అదే బీగం.
దొంగ కూడా ముందు ఆ పేరే తలుచుకుంటాడు."
మునిలక్ష్మికి కోపమొచ్చి
పాలు తోడెయ్యడానికి పోయింది.
ఫోను నంబరు వద్దంట, పుట్టినరోజు వద్దంట,
ఒకదానికొకటి చుట్టంకాని నాలుగు మాటలు
పక్కపక్కన కూర్చోబెట్టాలంట.
వెనక చిన్న మీట ఒకటుంది,
నొక్కితే ఏమీ అడక్కుండా లోపలికి రానిచ్చేది.
దాని నోరూ మూయించింది.
ఎవరన్నా వస్తే వాళ్ళకు వేరే పేరు, వేరే చెవి,
వసారా దాకానే.

రాత్రి నిద్ర పట్టలేదు.
అంగడి పెట్టి మూడేళ్ళు నిండని రోజుల్లో
చారల చొక్కా వేసుకున్న ఒకాయన
ఎర్రసబ్బు ముక్క తెచ్చినాడు, దాని మీద చెవి అచ్చు.
"చెవి పోయింది, ఇదే మిగిలింది" అన్నాడు.
పోయిన చెవికి అచ్చెక్కడిది?
ఆ ప్రశ్న నా నోట్లోనే ఉండిపోయింది.
ఆకురాయి పట్టి, పల్లు పల్లు రుద్ది ఇచ్చినా.
పదిహేను రూపాయలిచ్చినాడు, ఐదు ఎక్కువ.
మరుసటి వారం కొర్లగుంటలో ఒక టీచరమ్మ ఇంట్లో
కుట్టుమిషను, రెండు గాజులు, బియ్యం డబ్బాలో దాచిన దుడ్లు.
బీగం పగలకుండా ఎట్లా పోయిందబ్బా అనుకున్నారు జనం.
నా చెవి అంత మెత్తగా తిరిగింది.
ఈ సంగతి మునిలక్ష్మికి కూడా తెలియదు.

లేచి, ఫోను తెరిచి,
లోపల ఎవరెవరున్నారో చూపించే జాబితా తీసినా.
యామిని కంప్యూటరు. మునిలక్ష్మి ఫోను. నాది.
నాలుగోది లేదు.
ఇంకోసారి చూసినా.

పొద్దున అంగడి తెరిస్తే
మేకులకు వేలాడే చెవులు గాలికి గలగలమన్నాయి.
రెండు వేలుంటాయి. కళ్ళు మూసుకొని తడిమినా
ఏది ఏ బీగానిదో చెప్పేస్తా.
ఆ నాలుగు మాటల చెవికి మాత్రం
పళ్ళు లేవు, బరువు లేదు,
సబ్బు మీద పడదు.
నోట్లోనే తిప్పుకుంటా కూర్చున్నా,
మూడో మాట దగ్గర తట్టుకొని
మళ్ళీ మొదటికొచ్చినా.
అంతలో ఒక పిల్లోడు చెవి చూపించి
"అన్నా, ఇంకోటి చేసిస్తావా?" అన్నాడు.
"ఎవరిదిరా ఇది?" అన్నా,
ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతివాణ్ణీ అడిగే మాటే.